కడుపులోని బిడ్డకు బతికే హక్కు లేదా అని అడిగిన సోదరికి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నపాపకు పదకొండో నెల. రెండో కాన్పు తర్వాత కొన్ని నెలలపాటు నిద్ర లేక, ఊరికే ఏడుస్తూ, చనిపోవాలన్న ఆలోచనల వరకూ వెళ్లి, డాక్టరు ఇచ్చిన మందులతో కోలుకున్నాను. పాలిస్తున్నందువల్లే నెలసరి రాలేదనుకున్నాను. ఇప్పుడు స్కాన్‌లో పదమూడో వారమని తేలింది. మా వారు ‘నీ ఇష్టం’ అంటారు. అత్తయ్యగారు జీవహత్య మహాపాపమని, అయినా ఈసారి మగపిల్లాడేమో ఎవరికి తెలుసని అంటున్నారు. మా ఆడపడుచు ఎక్కడైనా స్కాన్ చేయించి, ఎవరో తెలుసుకున్నాకే నిర్ణయించుకోమంటోంది. నేను ఆ గుండె చప్పుడు విన్నాను. దానికి బతికే హక్కు లేదా? వద్దనుకుంటే నేను హంతకురాలినవుతానా?

జవాబు: అమ్మా, ‘అది ఇంకా రక్తపు ముద్దే, మనసులో పెట్టుకోకండి’ అని నేను అనలేను. అలా అంటే మీరు విన్న గుండె చప్పుడును కాదన్నట్టే అవుతుంది. ‘అది హత్యే’ అని కూడా అనలేను, ఎందుకంటే మీరు వేసిన ప్రశ్నకు ఆ మాట జవాబు చెప్పకుండానే తీర్పు చెబుతుంది. చిత్తశుద్ధి గల మనుషులు ఈ విషయంలో తరతరాలుగా ఏకీభవించలేకపోయారు. గర్భం నిలిచిన క్షణం నుంచే అది సంపూర్ణ మానవ ప్రాణమని కాథలిక్ చర్చి బోధిస్తుంది. పిండంలో ఆత్మ ప్రవేశించడానికి 120 రోజులు పడుతుందని ఇస్లామిక్ న్యాయవేత్తల్లో చాలామంది చెబుతారు. మన ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను ఘోరపాతకాల్లో లెక్కించాయన్నది నిజమే కాని, ఏడో నెలలో జీవుడు పిండంతో కూడుతాడని గర్భోపనిషత్తు అంటుంది. కనుక ‘మన ధర్మం ఒక్కటే మాట చెప్పింది’ అని మీతో ఎవరైనా గట్టిగా అంటే, వారు అందులో ఒక పేజీ మాత్రమే చదివారని అనుకోవచ్చు.

పిండం ప్రాణమే అని ఒప్పుకున్నా చర్చ ముగియదు. ఒక ప్రాణానికి మరో మనిషి శరీరాన్ని ఆమె సమ్మతి లేకుండా నెలల తరబడి వాడుకునే హక్కు ఉంటుందా అని ఒక పక్షం అడుగుతుంది. తల్లి పరాయిది కాదు, తనపై పూర్తిగా ఆధారపడిన బిడ్డ పట్ల ఆమెకు మరెవరికీ లేని బాధ్యత ఉంటుంది అని రెండో పక్షం జవాబిస్తుంది. రెండూ తేలికగా కొట్టిపారేయదగిన వాదనలు కావు. నా మటుకు నాకు, పిండం మనపై పెట్టే నైతిక భారం వారాలతోపాటు పెరుగుతుందనిపిస్తుంది. అలాగని పదమూడో వారంలో అది శూన్యమని కాదు, కాని ఇరవయ్యారో వారంలో ఉన్నంత భారం కూడా కాదు. ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవించనక్కర్లేదు.

మన చట్టం కూడా దాదాపు ఈ దారిలోనే నడిచింది. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించాక, 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, నిబంధనల్లో పేర్కొన్న కొన్ని పరిస్థితుల్లో ఉన్న స్త్రీలకు మాత్రమే, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో అనుమతి ఉంటుంది. మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని కలిగే ప్రమాదం చట్టం గుర్తించిన కారణమే, ఆ ప్రమాదాన్ని అంచనా వేసేటప్పుడు స్త్రీ బతుకుతున్న పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకోవచ్చని చట్టమే చెబుతుంది. ఈ షరతులకు లోబడి జరిగినది నేరం కాదు. కనుక ‘హంతకురాలు’ అన్న మాట చట్టంలో లేదు. మీ మనసు దాన్ని వాడుతోంది.

మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉన్న కేసు ఒకటి 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆమెకూ ఇద్దరు పిల్లలే, కాన్పు తర్వాతి కుంగుబాటుకు మందులు వాడుతున్నారు, పాలిస్తున్నందువల్ల నెలసరి లేక గర్భం సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట అనుమతి ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో, పిండం బతికే అవకాశం ఉందని వైద్యులు చెప్పాక, జస్టిస్ హిమా కోహ్లీ తన మనస్సాక్షి ఒప్పుకోదన్నారు. జస్టిస్ నాగరత్న ఆ స్త్రీ నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, 24 వారాలు దాటిపోయాయని, తల్లి ప్రాణానికి తక్షణ ప్రమాదం గాని పిండంలో లోపం గాని లేదని అనుమతి నిరాకరించింది. దేశంలోని అత్యున్నత న్యాయస్థానంలోనే ఒకే బెంచి మీద కూర్చున్న ఇద్దరు తేల్చుకోలేకపోయిన విషయాన్ని మీరు రాత్రుళ్లు ఒంటరిగా తేల్చుకోవాలని చూస్తున్నారు. అయితే ఆమెకు లేని వ్యవధి మీకు ఉంది, అది రోజురోజుకూ తగ్గుతోంది.

ఇక మీ అత్తయ్యగారి మాట. జీవహత్య పాపమన్న నమ్మకం నిజంగా ఉన్నవారిని నేను గౌరవిస్తాను. కాని అదే నోటితో ‘మగపిల్లాడేమో’ అన్నప్పుడు, బిడ్డకు బతికే హక్కు ఉందా లేదా అన్నది ఆవిడ ఆలోచిస్తున్న విషయం కాదని తెలిసిపోతోంది. ఆవిడ వాదన వల్ల మీకు పుట్టిన అపరాధభావాన్ని మీ మనస్సాక్షి అనుకోకండి. మీ ఆడపడుచు ఇచ్చిన సలహా అంతకంటే ప్రమాదకరమైనది. లింగ నిర్ధారణ 1994 చట్టం కింద నేరం, అడిగినవారికి కూడా శిక్ష పడుతుంది. గర్భిణిని భర్తో బంధువులో బలవంతపెట్టి ఉంటారని కోర్టు ముందుగానే భావిస్తుందంటే, ఈ పని మన ఇళ్లలో ఎలా జరుగుతుందో ఆ చట్టం రాసినవారికి బాగా తెలుసన్నమాట. నైతికంగా చూసినా, ‘ఈ బిడ్డను మోసే శక్తి నాకుందా’ అనే ప్రశ్నకూ ‘ఈ బిడ్డ ఆడదైతే వద్దు’ అనే తీర్మానానికీ పొంతన లేదు. మీరు అడుగుతున్నది మొదటిది. దాన్ని రెండోదిగా మార్చనివ్వకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీరు రెండు మాటల్లో దాటేసిన విషయం. కాన్పు తర్వాత ఒకసారి తీవ్రమైన కుంగుబాటు వచ్చినవారికి అది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. బతికే హక్కు గురించి ఆలోచిస్తున్న మీరు ఆ లెక్కలో మీ ప్రాణాన్ని చేర్చినట్టు కనిపించలేదు, మీ మీదే ఆధారపడిన ఇద్దరు పిల్లలనూ చేర్చలేదు. అందుకని నిర్ణయానికి ముందే, మీకు ఇంతకుముందు మందులిచ్చిన మానసిక వైద్యుడిని కలిసి, గర్భం ఉంచుకుంటే ఏ మందులు, ఎంత పర్యవేక్షణ కావాలో, కాన్పు తర్వాత రాత్రిపూట పిల్లలను ఎవరు చూస్తారో స్పష్టంగా మాట్లాడండి. ఈ ఏర్పాట్లు నిజంగా కుదిరితే, బిడ్డను కనాలన్న నిర్ణయం త్యాగమూ కాదు, మూర్ఖత్వమూ కాదు. కుదరకపోతే, వద్దనుకోవడం క్రూరత్వం కాదు. వద్దనుకున్నాక దుఃఖం రావచ్చు, ఊరట కలగవచ్చు, చాలామందికి రెండూ కలిసే వస్తాయి. ఏడుపు వచ్చినంత మాత్రాన తప్పు చేశామని అర్థం కాదు.

వద్దనుకుంటే మాత్రం మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని ఇంట్లో వేసుకోవద్దు. ఇంటి దగ్గర మాత్రలతో సరిపోయే దశ, అంటే సుమారు తొమ్మిది వారాలు, మీకు దాటిపోయింది. ఇప్పుడు విపరీతంగా రక్తం పోయే ప్రమాదముంది. పన్నెండు వారాలు దాటిన గర్భస్రావానికి అనుమతి ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ మీ సంతకం ఒక్కటే అవసరం. భర్త సంతకం కావాలని ఎవరైనా అడిగితే, చట్టం అలా అడగడం లేదని చెప్పండి. మీ వివరాలు బయటపెట్టడం కూడా చట్టరీత్యా నేరం.

చట్టానికి మీ వారి సమ్మతి అవసరం లేదు గాని, ‘నీ ఇష్టం’ అని ఆయన తప్పుకోవడం నాకు నచ్చలేదు. ఆ మాట స్వేచ్ఛలా వినిపిస్తుంది కాని, తర్వాత వచ్చే నిందంతా మీ ఒక్కరి మీదే పడేలా చేస్తుంది. డాక్టరు దగ్గరికి ఆయన మీతోపాటు రావాలి, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా అది ఇద్దరిదీ అని తన తల్లికి ఆయనే చెప్పాలి. ఈ ఉత్తరం ఆయన చేతికివ్వండి.

ఈ వారంలోనే మానసిక వైద్యుడినీ గైనకాలజిస్టునూ కలవండి. ఈలోగా ఏ రాత్రయినా చనిపోవాలన్న ఆలోచన మళ్లీ వస్తే, తెల్లవారేదాకా ఆగకుండా మీ వారిని లేపండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. వాళ్లు తెలుగులో మాట్లాడతారు.