నెల్లూరులో పెళ్లి ఏర్పాట్ల వ్యాపారం నాలుగు కాలాల పాటు నిలవాలంటే ఏం చేయాలి?

ఈ వ్యాపారాన్ని దెబ్బతీసేది పోటీ కన్నా పంచాంగమే. ఆషాఢ, భాద్రపదాల్లోనూ గురు, శుక్ర మూఢాల్లోనూ పెళ్లి ముహూర్తాలు ఉండవు కనుక, మాఘ, ఫాల్గుణ, వైశాఖాల లాభంలోంచే ఆ ఖాళీ నెలల జీతాలు, గోదాము అద్దె పక్కన పెట్టుకొని, సొంత సిబ్బందిని తక్కువగా ఉంచుకోవాలి. ముహూర్తం మారితే అడ్వాన్సు ఏమవుతుందో, విస్తళ్లు అనుకున్నదానికన్నా పెరిగితే ఒక్కోదానికి ఎంత అదనమో ముందే కాగితం మీద రాయించుకోండి. తగాదాలు దాదాపు అక్కడే వస్తాయి. థర్మోకోల్ అలంకరణపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది కాబట్టి మండపాన్ని అరటి చెట్లు, కొబ్బరాకులు, బంతిపూలతో కట్టించాలి. రిటర్న్ గిఫ్టుగా ప్లాస్టిక్ డబ్బాకు బదులు ఉదయగిరి కొయ్య గరిటెలు ఇవ్వవచ్చు, పెళ్లివారిని ఒప్పించగలిగితే.