కొత్త సంగీతం టీచరమ్మకి

చిరంజీవి తల్లికి ఆశీస్సులు.

స్కూల్లో చేరావని తెలిసి సంతోషించాను. ఒకటి నుంచి మూడో తరగతి దాకా నీకే అప్పగించారట, గదికి నలభై మంది. ఇంట్లో చాప మీద కూర్చోబెట్టి నీకు నేర్పిన పద్ధతి అక్కడ సాగదమ్మా. సరళీ స్వరాలతో, అంటే సరిగమల తొలి పాఠాలతో మొదలుపెడితే రెండో వారానికే సగం మంది కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. ఆ పాఠాల రాగం మాయామాళవగౌళ ఎక్కడికీ పోదు, ముందు పాట అందించు.

అన్నిటికన్నా ముందు శ్రుతి, అంటే ఆధార షడ్జమం "స" ఎంత ఎత్తులో ఉండాలో చూసుకో. నీకు అయిదో శ్రుతి హాయిగా ఉంటుంది, కానీ ఏడేళ్ల పిల్లలకు అందులో కింది స్వరాలు సరిగ్గా పలకవు. శ్రుతిపెట్టెని ఆరు, ఆరున్నర, అలా పైకి జరుపుతూ వాళ్ల ముఖాలు చూడు. మెడ నరాలు బిగుసుకుంటే ఎక్కువైనట్టు, గొణుగుతున్నట్టు వినిపిస్తే తక్కువైనట్టు. నీకు కాస్త ఇబ్బందైనా వాళ్లకి కుదిరిన చోటే పాడు. "గట్టిగా పాడండి" అని మాత్రం అనకు. పాట పోయి కేకలు మిగులుతాయి.

మొదటి పాటకి వానా వానా వల్లప్ప చాలు. కొద్ది స్వరాల్లోనే నడుస్తుంది, గుండ్రంగా తిరుగుతూ పాడేది కాబట్టి కాళ్లకీ పని ఉంటుంది. చెమ్మచెక్కలో చప్పట్లే తాళం. చిటికెన వేలి నుంచి లఘువు, అంటే తాళంలో వేళ్లతో లెక్కించే భాగం, లెక్కపెట్టించడం అప్పుడే వద్దు, వేళ్లు చూసుకుంటూ పాట మర్చిపోతారు.

బోర్డు మీద సాహిత్యం రాయకు. పాట మొత్తం నువ్వు రెండుసార్లు పాడు, వాళ్లు ఊరికే వింటారు. మూడోసారి ప్రతి పాదంలో చివరి మాట దగ్గర ఆగి, కనుబొమ్మలెత్తి చూడు. వాళ్లే అందుకుంటారు. తర్వాత సగం పాదం వదిలెయ్. ఆపైన కుడివైపు బెంచీలు ఒక పాదం, ఎడమవైపు ఒక పాదం. ఎక్కడైనా తప్పితే ఆపి మందలించకుండా, ఆ పాదం మళ్లీ నువ్వే పాడి వినిపించు.

మూడో తరగతికి ముత్తుస్వామి దీక్షితార్ నొట్టు స్వరాలు ఎత్తుకో. పాశ్చాత్య బ్యాండు మెట్లకు ఆయన సంస్కృత సాహిత్యం కూర్చారు కదా. శంకరాభరణం రాగం స్వరాలే, స్వరాన్ని ఊపి పాడే గమకాల బాధ లేదు, హార్మోనియం మీద ఉన్నదున్నట్టు పలుకుతాయి. సంస్కృతమని జంకకు. సమాసాలు విడగొట్టి పలికిస్తే పిల్లల నోరు నీకన్నా చురుగ్గా తిరుగుతుంది.

శ్రుతి కలవని పిల్లాడు ప్రతి క్లాసులోనూ ఉంటాడు. వాణ్ణి "నువ్వు పెదాలు కదుపు చాలు" అనడం పాపం. బాగా పాడే పిల్ల పక్కన కూర్చోబెట్టు. వాడు ఏ స్వరం పట్టుకున్నాడో ముందు నువ్వు దాన్ని అందుకుని, అక్కడి నుంచి మెల్లగా పైకి తీసుకురా. చాలామంది దారికొస్తారు, కొందరికి ఏడాది పడుతుంది.

ఇక వార్షికోత్సవం టెన్షన్ మొదలవుతుంది. కరవోకే పెట్టి సినిమా పాట పాడించమంటారు. ఒకటి ఒప్పుకో, రెండోది నీకు నచ్చింది పాడించు. హెడ్మిస్ట్రెస్‌తో ఇప్పుడే గొడవెందుకు?

నెల తిరిగాక ఒక క్లాసు ఫోన్‌లో రికార్డు చేసి పంపు. శ్రుతి ఎంతలో పెట్టావో మాత్రం రాయకు, విని నేనే చెప్తాను.