జబ్బు దాచుకునే జీవాలు

చిరంజీవి అమ్ములుకి,

బరంపురం నుంచి పెద్దమ్మ దీవెనలు. రాయగడలో రెండు గినీ పందుల్ని తెచ్చుకున్నావనీ, వాటికి ఒంట్లో బాగోకపోతే ఎలా తెలుస్తుందో నన్ను అడగమన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముందే అడిగినందుకు చాలా సంతోషం. ఎక్కువమంది ఈ మాట జంతువు పోయాక అడుగుతారు. "నిన్న సాయంత్రం కూడా బాగానే ఉంది కదా" అంటారు. బాగానే ఉండి ఉండదమ్మా. నాలుగైదు రోజులుగా తిండి తగ్గి ఉంటుంది, ఎవరూ చూసి ఉండరు.

కాలేజీ జంతుశాలలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా రోజంతా తెల్ల ఎలుకలు, పేరుకి పందులే గానీ ఎలుకల జాతివే అయిన గినీ పందులు, ఆ జాతివే అయిన చిన్న హామ్‌స్టర్ల మధ్యే గడిచింది. పిల్లికీ, పాముకీ, గద్దకీ తిండి అయ్యే జీవి తన నీరసాన్ని బయటికి కనపడనివ్వదు. మందలో నీరసంగా కనిపించినదాన్నే అవి ముందు పట్టుకుపోతాయి మరి. పంజరంలో పుట్టి పెరిగినా ఆ భయం దాన్ని వదలదు. నువ్వు దగ్గరికి రాగానే లేచి నిలబడుతుంది, గడ్డిపరక నోట కరుచుకుంటుంది, నమలదు. మూలన ముడుచుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుందంటే జబ్బు అప్పటికే ముదిరిందన్నమాట. అంతవరకూ రానివ్వకుండా పట్టుకోవాలంటే కంటిని నమ్ముకుంటే చాలదు, కాటా కావాలి.

మీ అమ్మ వంటింట్లో వాడే డిజిటల్ కాటా చాలు. ప్రతి ఆదివారం పొద్దున్న, తిండి పెట్టకముందు, ఒక్కోదాన్ని గిన్నెలో కూర్చోబెట్టి తూచి కాలెండరు మీద రాయి. ఎదిగిన గినీ పంది 700 నుంచి 1200 గ్రాముల మధ్య తూగుతుంది. ఇరవై ముప్ఫై గ్రాముల తేడా మామూలే, ఉచ్చ పోసినా వస్తుంది. తొమ్మిది వందల గ్రాములది యాభై తగ్గిందంటే రోజూ తూచడం మొదలుపెట్టు. తొంభై తగ్గిందంటే, అంటే పదో వంతు పోయిందంటే, పైకి ఎంత హుషారుగా ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎదిగే పిల్ల అయితే వారం వారం పెరుగుతూనే ఉండాలి, బరువు ఆగిపోవడమే దానికి మొదటి లక్షణం. వెంట్రుకలు దట్టంగా ఉండే జంతువు కనక చిక్కిన సంగతి కంటికి ఆనదు. నాకు తెలిసిన అన్ని గుర్తుల్లోకీ నేను ఎక్కువ నమ్మేది ఈ అంకెనే.

రెండోది పెంటికలు. పొద్దున్నే పంజరం ఊడ్చేటప్పుడు విసుక్కోకుండా చూడు. ఆరోగ్యంగా ఉన్నది రోజుకు వందకు పైగానే వేస్తుంది. అన్నీ ఒకే సైజులో, కొంచెం పొడుగ్గా, గోధుమరంగులో ఉంటాయి. చిన్నవైపోయినా, ఎండిపోయినా, ఒక కొస సాగి కన్నీటిచుక్క ఆకారంలోకి వచ్చినా తిండి తగ్గిందని అర్థం. అసలు వెయ్యకపోతే కడుపు కదలిక ఆగిపోతోందని. ఈ జీవాల పేగు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. మనలా ఒకపూట లంఘనం చేస్తే వాటికి నయం కాదు, ప్రాణం మీదికి వస్తుంది. పన్నెండు గంటలుగా ఏమీ తినలేదంటే మర్నాటి దాకా ఆగకు. డాక్టరు దొరికేలోపు షాపులో అమ్మే వాటి తిండిగుళికల్ని గోరువెచ్చని నీళ్లలో మెత్తగా నానబెట్టి, సూది తీసేసిన సిరంజితో నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా, రెండు మూడు గంటలకోసారి పట్టు. నమిలి మింగాక మళ్లీ ఇవ్వు, తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కానీ ముందు పొట్ట తట్టి చూడు. ఉబ్బి డప్పులా మోగుతుంటే నోట్లో ఏమీ పొయ్యకుండా పరుగెత్తు.

తినాలని వచ్చి, ముక్క నోటికి తీసుకుని, వదిలేసి, మళ్లీ తీసుకుంటోందా? గడ్డం కింద వెంట్రుకలు చొంగతో తడిసి అంటుకుపోయాయా? అది పళ్ల బాధ. వీటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. లోపలి దవడ పళ్లు అరక్క వంకరగా పెరిగి, కింది పళ్లు నాలుక మీదికి కమానులా వంగిపోతాయి. ముందు పళ్లు చూసి బాగున్నాయి అనుకుంటే లాభం లేదు, లోపలివి డాక్టరు పరికరంతోనే కనపడతాయి. వాటిని అరగదీయించాలి. ఇంట్లో గోళ్ల కత్తెరతో పళ్లు కత్తిరించే ప్రయత్నం ఎవరు చెప్పినా చెయ్యకు, నిలువునా చీలిపోతాయి.

ఇక సి విటమిన్. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర పోయే గినీ పందుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా నమ్మకం. ఎలుక, హామ్‌స్టర్ తమ ఒంట్లోనే సి విటమిన్ తయారు చేసుకుంటాయి. గినీ పంది మనలాగే చేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు బెరిబెరి అనే బి1 విటమిన్ లోపపు జబ్బు మీద పని చేస్తూ వీటికి ఉత్త ధాన్యపు తిండి పెట్టారు. బెరిబెరి రాలేదు, సి విటమిన్ అందక ఓడ నావికులకు వచ్చే స్కర్వీ వచ్చింది. ఆ జబ్బు సంగతి తేలడానికి దారి అక్కడే పడింది. మన ఇళ్లలో మరమరాలు, అటుకులు, చద్దన్నం, బిస్కట్లు పెట్టి ముద్దుగా పెంచేవాళ్లు తెలియకుండా ఆ పనే చేస్తున్నారు. రెండు మూడు వారాల్లో వెంట్రుకలు గరుకుబారతాయి, గెంతడం మానేస్తుంది, వెనక కాళ్లు ఈడుస్తుంది, కీళ్లు వాస్తాయి, ఎత్తుకుంటే నొప్పికి కీచుమంటుంది, చిగుళ్లలో రక్తం వస్తుంది. "మంచం మీంచి పడి కాలు విరిగిందేమో" అనుకుంటారు చాలామంది.

కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, కడుపుతో ఉన్నదానికీ జబ్బుపడ్డదానికీ ఇంకాస్త ఎక్కువ. జామపండులో వంద గ్రాములకు రెండు వందల మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది కనక బొటనవేలంత ముక్క సరిపోతుంది. అయితే తీపి ఎక్కువైతే విరోచనాలు పట్టుకుంటాయి. రోజువారీకి ఒక క్యాప్సికమ్ ముక్క, నాలుగు కొత్తిమీర కాడలు మంచివి. చుక్కల మందు నీళ్లసీసాలో కలపమని షాపువాళ్లు చెబుతారు. వెలుతురుకీ గాలికీ అది గంటల్లోనే బలం కోల్పోతుంది, పైగా రుచి మారిందని నీళ్లు తాగడం మానేస్తాయి. గుళికల సంచీ మీద తయారైన తేదీ చూడు. మూడు నెలలు దాటితే అందులోని విటమిన్‌ని లెక్కలోకి తీసుకోకు.

కడుపు నింపేది మాత్రం గడ్డే. గరిక కోసి నీడలో ఆరబెట్టు, తాజాదీ పెట్టవచ్చు. ఒక్క జాగ్రత్త: మీ జిల్లాలో గునుపూర్, బిషమ్ కటక్ వైపు పత్తి విస్తారంగా వేస్తారు, ఆ గట్ల మీది గడ్డి మీద పురుగుమందు పడి ఉంటుంది. అది వద్దు. మేకలకు వేస్తున్నారు కదా అని సుబాబుల్ ఆకు వెయ్యకు. అందులోని మిమోసిన్ అనే విషాన్ని మేక కడుపు కొంతవరకు విరగ్గొట్టుకోగలదు, వీటి కడుపు అంతగా చేసుకోలేదు, వెంట్రుకలు రాలిపోతాయి. పాలకూర, మునగాకు రోజూ వద్దు, వాటితో మూత్రంలో రాళ్లు పడే అవకాశం ఎక్కువవుతుంది. ఉచ్చ ఎండాక సున్నపు మరకలా తెల్లగా ఉంటే కంగారు లేదు. ఎర్రగా ఉన్నా, పోసేటప్పుడు వీపు వంచి కీచుమన్నా రాయి పడిందేమో చూపించాలి.

ఊపిరి జబ్బులు వానాకాలంలో ఎక్కువ. కళ్ల చుట్టూ పొక్కు కట్టడం, ముక్కు కారడం, ముంగాళ్ల లోపలి వెంట్రుకలు జిగటగా ఉండటం, డొక్కలెగరేస్తూ ఊపిరి తీయడం, ఇవి కనిపిస్తే ఆవిరి పట్టడం లాంటి చిట్కాలతో రోజులు గడపకు, న్యుమోనియా చాలా వేగంగా తీసుకుపోతుంది. కుందేళ్లలో, కుక్కల్లో చాలాసార్లు ఏ బాధా కలిగించకుండా ఉండే బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి వీటిని చంపగలదు. అందుకే కుందేలుతో కలిపి ఒకే పంజరంలో పెట్టవద్దు. తడిసి బూజు వాసన వచ్చే గడ్డి పారేయి, మొహమాటం వద్దు.

ఒంటి మీద చూడాల్సినవి: భుజాల దగ్గర గోక్కుని గోక్కుని పుండ్లు పడితే గజ్జి. ముదిరితే మూర్ఛలా కొట్టుకుంటుంది కూడా. ముక్కు చుట్టూ, మొహం మీద గుండ్రంగా పొలుసు కట్టి వెంట్రుకలు ఊడితే తామర. అది మీకూ అంటుకుంటుంది, చేతులు కడుక్కో, తమ్ముడిని ఎత్తుకోనివ్వకు. ఏడాదిన్నర దాటిన ఆడదానికి గోకుడు లేకుండా రెండు పక్కలా సమానంగా వెంట్రుకలు పలచబడితే అండాశయంలో నీటితిత్తులు ఉండవచ్చు. మెడ కింద గడ్డ కడితే బ్లేడుతో కోయించకు. పాదాల అడుగు ఎర్రబడితే పంజరం అడుగున జాలీ తీసేసి మెత్తటి బట్ట పరుచు.

భయపడనక్కరలేనివీ తెలియాలి, లేకపోతే రోజూ ఆసుపత్రి చుట్టూ తిరుగుతావు. మొహం కడుక్కునేటప్పుడు కళ్లలోంచి పాలలాంటి తెల్లటి ద్రవం వస్తుంది. చెవుల వెనక కొద్దిచోట వెంట్రుకలు ఉండవు. వంగి తన మెత్తటి పెంటిక తానే తింటుంది, అది దానికి అవసరం. ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి మెలికలు తిరుగుతుంది, అది సంతోషం.

ఎండాకాలం గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం దండగ. ఇవి ఆండీస్ కొండల చల్లటి గాలికి పుట్టిన జీవాలు. 27 డిగ్రీలు దాటితేనే వాటికి కష్టం, మీకు ఏప్రిల్, మే నెలల్లో 40 దగ్గరికి పోతుంది. రేకుల కింద, వరండాలో ఉంచకు. లోపలి గదిలో నేల మీద, గుడ్డ చుట్టిన గడ్డకట్టిన నీళ్ల సీసా పక్కన పెట్టు. బారుగా పడుకుని, చొంగ కారుస్తూ, గబగబా ఊపిరి తీస్తుంటే వడదెబ్బ. చల్లటి చోటికి తెచ్చి, మామూలు కుండనీళ్లతో చెవులూ పాదాలూ తడిపి, వెంటనే తీసుకెళ్లు. ఐసు నీళ్లలో ముంచవద్దు.

కోరాపుట్‌లో మీ అన్నయ్య పెంచే హామ్‌స్టర్‌కి దీనికి ఎదురు సమస్య. చలి రాత్రి బిగుసుకుపోయి, చల్లబడి, చచ్చిపోయినట్టు పడి ఉండవచ్చు. పూడ్చేసేముందు మీసాలు కదులుతున్నాయేమో, డొక్క ఎప్పుడో ఒకసారి లేస్తోందేమో ఓపిగ్గా చూడమను. చలికి నిద్రలోకి జారినదైతే చేతుల్లో, గుడ్డల్లో నెమ్మదిగా వెచ్చబెడితే లేస్తుంది. పిల్ల హామ్‌స్టర్ తోక కింద తడిసి వాసన వస్తుంటే మాత్రం గంటలు లెక్కపెట్టుకోవాలి, రెండు మూడు రోజుల్లో పోతుంది. పసుపుపచ్చటి ముందు పళ్లు దానికి సహజమే, తెల్లటివి గినీ పందికి సహజం.

షాపువాడు రెండూ ఆడవే అన్నాడట. డాక్టరు చేత చూపించుకో. ఏడెనిమిది నెలలు దాటాక తొలిసారి కడుపైతే కటి ఎముకలు విడవక తల్లీ పిల్లలూ పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ పశువుల ఆసుపత్రి డాక్టరు రోజంతా ఆవులనీ మేకలనీ చూసే మనిషి, మంచివాడే అయి ఉంటాడు. మందు రాసేటప్పుడు వినయంగా ఒక మాట అడుగు: "డాక్టరుగారూ, ఇది పెన్సిలిన్ జాతిది కాదు కదండీ?" అని. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఇవి నోటి ద్వారా ఇస్తే గినీ పందికీ హామ్‌స్టర్‌కీ విషంతో సమానం. కడుపులో గడ్డి అరిగించే మంచి సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రిడియం అనే చెడ్డ సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. తుమ్ములు తగ్గుతాయి, నాలుగైదు రోజుల్లో విరోచనాలతో జంతువు పోతుంది. ఇంట్లో తమ్ముడి జ్వరానికి తెచ్చిన సీసాలో మిగిలింది పట్టే ఆలోచన ఎవరికీ రానివ్వకు. ఎన్‌రోఫ్లోక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ సల్ఫా వీటికి వాడతారు. మోతాదు బరువును బట్టి డాక్టరే లెక్క కడతారు, అందుకే నీ కాలెండరు చూపించు.

అక్కడ కుదరకపోతే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం దాకా రైలు, అక్కడినుంచి గరివిడి దగ్గరే. భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పశువైద్య కళాశాలా ఉంది. రెండింటినీ కలిపి గాలి తగిలే పెట్టెలో తీసుకెళ్లు, తోడు ఉంటే బెదరవు. దారంతా తినడానికి గడ్డి, ఒక కీరా ముక్క వెయ్యి, నీళ్లసీసా కారుతుంది. ఆ పొద్దున వేసిన పెంటికలు నాలుగు కాగితంలో కట్టి పట్టుకెళ్లు. మందు మొదలుపెట్టాక వారానికోసారి కాదు, రోజూ తూచు. రాత్రి ఏ వేళైనా నాకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ