అమ్మ గాజులు ముందు, సోఫా తర్వాత

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. నా వయసు 25. జూన్‌లో బెంగళూరులో ఉద్యోగంలో చేరాను. నెలకు 62 వేలు చేతికొస్తుంది. ఇన్నాళ్లూ పీజీలో ఉండి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ దగ్గర సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాను. అద్దె 18 వేలు, మెయింటెనెన్స్ 2,500. ఐదు నెలల అడ్వాన్స్ 90 వేలు అడిగారు. నా దగ్గర 50 వేలే ఉంటే, మిగతా 40 వేల కోసం నాన్న అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. ఖాతాలో ఇంకో 22 వేలు ఉన్నాయి. ఇంటికి 8 వేలు పంపి, అన్ని ఖర్చులూ పోను నెలకు 15 వేలు మిగలొచ్చు. ఇంట్లో చాప, దిండు, ఇండక్షన్ స్టవ్, బకెట్ తప్ప ఏమీ లేవు. ఫోన్‌లో మాట్లాడితే నా గొంతే గోడలకు కొట్టుకుని తిరిగొస్తోంది. వీడియో కాల్‌లో చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. దసరాకి వస్తానంటోంది. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేదు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ 2 లక్షలు ఇస్తామంటున్నారు. మంచం, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, వీలైతే ఏసీ ఒకేసారి కొనేద్దామనుకుంటున్నాను. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఈ లోన్ తీసుకోవద్దు. మీరు రాసిన వస్తువుల్లో దసరాలోపు మీకు నిజంగా కావలసినవి అప్పు లేకుండానే ఇంటికొస్తాయి. ఎలాగో చెబుతాను.

ముందు ఆ లోన్ సంగతి. 2 లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలలంటే నెలకు సుమారు 6,835 రూపాయలు. మొత్తం కట్టేది 2 లక్షల 46 వేలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే, దాని మీద జీఎస్టీతో కలిపి 4,720 ముందే కోసుకుంటారు. అంటే చేతికి 1,95,280 వస్తుంది, మీ జేబులోంచి దాదాపు రెండున్నర లక్షలు పోతుంది. నెలకు 6,800 కట్టగలరా అంటే కట్టగలరు. కానీ మీకు మిగిలే 15 వేలల్లో దాదాపు సగం మూడేళ్ల పాటు ఆ వాయిదాకే పోతుంది. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదు, బహుశా ప్రొబేషన్ కూడా పూర్తయి ఉండదు. ఇలాంటప్పుడు మూడేళ్ల మాట ఎవరికీ ఇవ్వకూడదు.

ఇంకో సంగతి. మీకు ఇప్పటికే ఒక అప్పు ఉంది. అది నాన్నగారి పేరు మీద ఉండటంతో మీ లెక్కలోకి రాలేదు. గోల్డ్ లోన్‌కు సాధారణంగా ఏడాది గడువు ఉంటుంది. గడువు దాటితే నోటీసులు, ఆ తర్వాత వేలం. మీ ఇంట్లో అంతదాకా రాదని నాకు తెలుసు, నాన్నగారే ఎక్కడో తెచ్చి కడతారు. ఆ అవసరం ఆయనకు రాకూడదనే నా ఆలోచన. చాలా బ్యాంకుల్లో మధ్యలో కొంత కొంత కట్టనిస్తారు. కట్టేటప్పుడు అసలులో జమ వేయమని అడిగి రసీదు తీసుకోమని నాన్నగారికి చెప్పండి.

నా లెక్క ఇది. ఖాతాలో ఉన్న 22 వేలల్లో 12 వేలు ఇప్పుడే ఇంటికి ఖర్చు పెట్టండి, 10 వేలు కదపకండి. ఆగస్టు జీతం నుంచి నెలనెలా మిగిలే 15 వేలల్లో 8 వేలు గాజులకు, 4 వేలు ఇంటి సామానుకు, 3 వేలు అత్యవసరానికి. ఐదు నెలల్లో, అంటే డిసెంబరు జీతంతో, 40 వేల అసలు తీరిపోతుంది. వడ్డీ కింద పడే వెయ్యో పదిహేను వందలో సామాను డబ్బుల్లోంచి సర్దండి. అప్పటికి అత్యవసరానికి 25 వేలు పోగవుతాయి. జనవరి నుంచి ఆ 8 వేలు కూడా అటే మళ్లించి, మూడు నెలల ఖర్చుకు సరిపడా అయ్యేదాకా ఆపకండి.

ఇక ఆ 12 వేలు. మొదట పరుపు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం మీది, నడుముకు చాప సరిపోదు. 6 వేలల్లో సింగిల్ పరుపు వస్తుంది, మంచం లేకుండా నేల మీదే వేసుకోవచ్చు. తర్వాత 3 వేలల్లో ఒక మడత మంచం. అది అమ్మగారి కోసం. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేల మీది పరుపులోంచి లేవడం నరకం. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, చేతులున్నవి. చేతుల మీద బరువు వేసి లేవొచ్చు. మెత్తటి సోఫాలో కూరుకుపోతే లేవడమే ఆవిడకు కష్టం, కాబట్టి ఆవిడ కోసమని సోఫా కొనక్కర్లేదు. మిగిలినదాంతో కర్టెన్లు. కిటికీలు టేపుతో కొలిచి వెళ్లండి, చిక్‌పేట బట్టల బజారులో అయితే ధర కలిసొస్తుంది. బట్ట పడితే గదిలో ఆ ప్రతిధ్వని కూడా తగ్గుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ తేడా మీకే తెలుస్తుంది.

వంట సామాను మాత్రం ఒక్కటి కూడా కొనకండి. మన ఇళ్లల్లో అటక మీద ఏముంటుందో మీకు తెలుసు. పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి వచ్చిన స్టీలు గిన్నెలు, అంచు మీద ఇచ్చినవాళ్ల పేరు, తేదీ చెక్కించినవి, గోనెసంచిలో కట్టి ఇరవై ఏళ్లుగా అలాగే ఉంటాయి. కుక్కరు, ఇడ్లీ పాత్ర, పోపుల డబ్బా, రెండు కంచాలు, నాలుగు గిన్నెలు ఆర్టీసీ కార్గోలో వేయించుకోండి. ఇండక్షన్ మీద పనిచేయాలంటే అడుగున అయస్కాంతం అంటుకోవాలి, అల్యూమినియం పనికిరాదు, ఆ ఒక్కటీ చూసి పంపమనండి. పంపడానికి ఏదో ఒకటి ఉందంటే అమ్మగారి మనసు కూడా కుదుటపడుతుంది.

ఫ్రిజ్ కొనాల్సిందే, అది విలాసం కాదు. వారానికి నాలుగైదు రాత్రులు బయటి నుంచి తెప్పించుకుంటే, పూటకు 180 చొప్పున నెలకు 20 పూటలకు 3,600. పిండి, పెరుగు, కూరగాయలు నిలవ ఉంటే అందులో సగమైనా ఆగుతుంది. ఆగస్టు, సెప్టెంబరు సామాను డబ్బులు కలిపితే 8 వేలు. మంచి సింగిల్ డోర్ సెకండ్ హ్యాండ్‌ది ఆ ధరకు దొరుకుతుంది. వైట్‌ఫీల్డ్ వైపు నెలాఖర్లో ఎవరో ఒకరు విదేశానికో వేరే ఊరికో వెళ్తూనే ఉంటారు, మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ గమనించండి. చూడ్డానికి వెళ్లే గంట ముందు ఆన్ చేసి ఉంచమనండి. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి, ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. తెచ్చే ఆటో ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

వాషింగ్ మెషీన్ జనవరి తర్వాత. టీవీ, సోఫా సంగతి ఒక ఏడాది ఆగి ఆలోచించండి. ఏసీ వద్దు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, మన ఒంగోలు ఎండ అక్కడ లేదు, ఫ్యాన్ చాలు. పైగా కర్ణాటకలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు, పాత సగటు వాడకాన్ని బట్టి ఉచిత కరెంటు ఇస్తున్నారు. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. మీ ముందున్నవాళ్లు వాళ్ల ఆధార్‌ను ఆ మీటర్ నుంచి తీయించుకున్నారో లేదో ఓనర్‌ని అడిగి, అగ్రిమెంట్ కాపీతో మీ పేరున నమోదు చేయించుకోండి. చాలామంది కొత్తవాళ్లు ఇది తెలియక నెలనెలా బిల్లు కడుతున్నారు.

షోరూమ్‌కి వెళ్తే 'నో కాస్ట్ ఈఎంఐ' అంటారు. వడ్డీ లేని అప్పు ఉండదని రిజర్వ్ బ్యాంకే 2013లో చెప్పింది. వడ్డీని డిస్కౌంట్ రూపంలో ముందే తగ్గించి చూపిస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ కార్డు బిల్లులో పడతాయి. ఒక్క వస్తువుకైతే పోయేది వందల్లోనే. కానీ ఒకదాని వెనక ఒకటి నాలుగు వాయిదాలు చేరి, ఏదో ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలినదాని మీద నెలకు నూటికి మూడున్నర రూపాయలు, కొన్ని కార్డులకు అంతకు మించి కూడా వడ్డీ పడుతుంది. మన ఊళ్లో ఎవరైనా నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అడిగితే గడప తొక్కనివ్వం. కార్డు మీద పడితే మాత్రం ఆ వడ్డీ మన కంటికి ఆనదు.

సామాను అద్దెకిచ్చే కంపెనీలు అక్కడ చాలా ఉన్నాయి. ఎనిమిది, పది నెలల్లో ఊరు మారతానని తెలిసినవాళ్లకు అది మంచిదే. మీరు రెండేళ్లు ఉండేలా ఉంటే కట్టిన అద్దెకే వస్తువు కొనొచ్చు.

అడ్వాన్స్ గురించి మీరు అడగలేదు, కానీ మీ డబ్బుల్లో పెద్ద మొత్తం అదే. 90 వేలు ఓనర్ దగ్గర వడ్డీ లేకుండా ఉంటుంది. ఏడు శాతం చొప్పున లెక్కేసినా ఏడాదికి 6,300, అంటే మీ అసలు అద్దె నెలకు ఇంకో 525 ఎక్కువ. 2021 నాటి కేంద్రం మోడల్ అద్దె చట్టం రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ వద్దంది, కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనంతట తాను చట్టం చేస్తే తప్ప ఓనర్లను కట్టడి చేయదు. మీ చేతిలో ఉన్నది అగ్రిమెంట్ ఒక్కటే. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, 11 నెలల లోపు వెళ్లిపోతే ఏమిటి, ఈ నాలుగూ అందులో రాసి ఉన్నాయా? బెంగళూరులో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం మామూలు. ఆ నాలుగూ అగ్రిమెంట్‌లో లేకపోతే ఇప్పుడే వాట్సాప్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే ప్రతి గోడా, బాత్రూమ్ కుళాయిలూ, కప్‌బోర్డుల లోపలా ఫొటోలు తీసి ఓనర్‌కు పంపండి. సామాను చేరాక ఆ అవకాశం ఉండదు. ఇదే వారం చేయండి.

నేను 2003లో మొదటి ఇంటికి మారినప్పుడు డబుల్ కాట్ కొన్నాను. రెండేళ్లకు ఇల్లు మారితే కొత్త ఇంటి మెట్ల మలుపులో అది పట్టలేదు, నాలుగోవంతు ధరకు అమ్మేశాను. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏ వస్తువు కొన్నా, దీన్ని మళ్లీ మోయాలి అన్న లెక్క వేసుకోండి.

ఆఫీసులో పాత పన్ను విధానమా, కొత్తదా అని అడుగుతారు, కొత్తదే అనండి. పాతదానికి అడిగే అద్దె రసీదుల గురించి టెన్షన్ వద్దు. ఇప్పుడున్న కొత్త విధానంలో జీతగాళ్లకు ఏడాదికి 12.75 లక్షల దాకా పన్ను లేదు, మీ జీతం అందులోపే ఉంటుంది.

అమ్మగారికి ఈరోజే ఫోన్ చేసి దసరాకి రమ్మనండి. అప్పటికి ఆవిడ పడుకోవడానికి మంచం, కూర్చోవడానికి కుర్చీ, ఫ్రిజ్‌లో పెరుగు ఉంటాయి. ఆవిడ ఉన్నప్పుడే మంచి రోజు చూసి పాలు పొంగించుకోండి. సంక్రాంతికి మీరు ఇంటికెళ్లినప్పుడు నాన్నగారితో బ్యాంకుకి వెళ్లండి. తాకట్టు రసీదు మర్చిపోవద్దు, పండుగ సెలవుల్లో బ్యాంకు ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కుని టికెట్ బుక్ చేసుకోండి.