ఊపు ఉన్నప్పుడు రాయాల్సింది, ఊపు తగ్గాక చెయ్యాల్సింది

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

రాయాలన్న ఊపు వస్తే ఒక్క రాత్రిలో నీ వంటల ఛానల్‌కి ఆరు వీడియోలకి సరిపడా మాటలు వచ్చిపడుతున్నాయనీ, ఆ తరవాత మూడు వారాలు చెయ్యి కదలడం లేదనీ, తీరా చూస్తే ఆ ఆరింటిలో ఒక్కటీ పూర్తికాలేదనీ రాశావు. నీకు ఊపు తక్కువై వచ్చిన ఇబ్బంది కాదిది. ఊపు ఉన్న ఆ గంటన్నరలో తీరిగ్గా చేసుకోదగ్గ పనులు చేస్తున్నావు, అప్పుడు తప్ప కుదరనివి మర్నాటికి వదిలేస్తున్నావు. నువ్వు పంపిన ఆవకాయ చిత్తునే ఎదురుగా పెట్టుకుని చెబుతాను.

ముందు చోటు సంగతి. కొంత వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకున్నావు, కొంత పుస్తకంలో ఉంది, కొంత ఫోను నోట్సులో ఉంది. వాట్సాప్ చేతికి దగ్గరే గానీ, పంపిన పావుగంట దాటితే దిద్దే వీలుండదు, నాలుగు రోజుల్లో లింకుల కింద పడిపోతుంది. ఒక్కచోటు పెట్టుకో. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకేలా కనిపించేదేదైనా సరే, ఒకే ఫైలు. దానికి 'చిత్తు' అని పేరు పెట్టి ఫోను మొదటి తెర మీద ఉంచు. ఫైలు వెతకడానికి రెండు నిమిషాలు పడితే ఆ రెండు నిమిషాల్లోనే మొదటి వాక్యం జారిపోతుంది.

ఊపు రాగానే మొదటి ఐదు నిమిషాలు తలలో ఉన్నవన్నీ దింపెయ్యి. ఒక్కో ఆలోచనకి ఒక్క వాక్యం, కానీ పూర్తి వాక్యం. నీ చిత్తులో 'ఆవ, చేదు' అని ఉంది. ఏమిటది? ఇప్పుడు నీకే గుర్తులేదని నా అనుమానం. 'ఆవాలు మిక్సీలో ఆపకుండా తిప్పితే పిండి వేడెక్కి చేదెక్కుతుంది, ఆపి ఆపి తిప్పాలి' అని రాసుకుంటే నెల తరవాత తెరిచినా పనికొస్తుంది. క్రియ లేని ముక్క ఆ పూటకే అర్థమవుతుంది.

ఆ ఐదు నిమిషాలూ అయ్యాక ఒక్కటే ఎంచుకో. మిగతావి ఎంత ఊరించినా ఆ జాబితా దాటి రానివ్వకు. ఏది ఎంచుకోవాలంటే, ఎక్కడ ముగుస్తుందో నీకు తెలిసినది. 'ఆవకాయ గొప్పదనం' అన్నదానికి చివర లేదు, ఎంత రాసినా తెగదు. 'ఆవకాయ ఎందుకు బూజు పడుతుంది' అన్నదానికి ఉంది: తడి తగలడం, ఉప్పు చాలకపోవడం, నూనె పైకి తేలకపోవడం. మూడూ చెప్పగానే అయిపోతుంది. సగంలో ఆగిపోయేవన్నీ మొదటి రకమే.

ఇప్పుడు అసలు మాట. ఊపులో వచ్చేది వరస, మాట తీరు, ఎందుకు అన్నదానికి జవాబు. కొలతల పట్టిక, 'అందరికీ నమస్కారం, మన ఛానల్‌కి స్వాగతం', శీర్షిక, కింద పెట్టే వివరణ, హ్యాష్‌ట్యాగులు ఇవన్నీ తలనొప్పి ఉన్న రోజున కూడా రాయచ్చు. నువ్వు మంచి గంటని శీర్షిక మార్చి మార్చి చూసుకోవడంలో గడిపావు, ఏడు శీర్షికలు రాశావు, కింద మూడు పేరాలున్నాయి. నేరుగా మధ్యలోంచి మొదలెట్టు. 'మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఏం చూడాలి' అన్న చోట నీ గొంతు చక్కగా పలికింది. అలాంటి చోటు నుంచి మొదలుపెడితే వెనకదీ ముందుదీ వాటంతట అవే వచ్చి చేరతాయి.

మధ్యలో ఒక అంకె అడ్డం వస్తుంది. నాలుగు గిన్నెల ముక్కలకి ఉప్పు ముప్పావు గిన్నె అని రాశావు, అంతలో గళ్లుప్పా మెత్తనుప్పా అని సందేహం వచ్చింది, నెట్‌లో వెతికావు, ఇరవై నిమిషాల తరవాత ఏదో కాకరకాయ వీడియో దగ్గర తేలావు. పోపు పొయ్యి మీద పెట్టి కరివేపాకు కోసం బజారుకి వెళ్లడం లాంటిదిది. అలాంటి చోట '??' అని రెండు గుర్తులు పెట్టి ముందుకి పో. రేపు ఫైల్లో ఆ గుర్తుని వెతికితే చూడాల్సినవన్నీ వరసగా దొరుకుతాయి. అలాగని చూడకుండా వదిలెయ్యకు. అదే గిన్నెకి మెత్తనుప్పు గళ్లుప్పు కన్నా ఎక్కువ బరువు తూగుతుంది. ఏ ఉప్పో చెప్పకపోతే ఒకరింట్లో ఉప్పు కషాయం, ఇంకొకరింట్లో బూజు. పేరు చెడేది నీదే.

చేత్తో కొట్టడం నెమ్మదైతే మాట్లాడి రికార్డు చేసుకో, తప్పులేదు. మాటని రాతగా మార్చే సదుపాయం నమ్ముకుంటే మాత్రం చుక్కలు సరిగా పడవు, సంధి కలిసిన మాటలు విడిపోతాయి, 'ముప్పావు' లాంటివి ఇంకేదో అవుతాయి. అందుకని ఆడియో కూడా ఉంచుకుని, ఆ రోజు పడుకునేలోగా ఒకసారి విని దిద్దుకో. వారం ఆగితే ఆ రాతలో ఏం చెప్పావో నీకే అంతుపట్టదు.

అర్ధరాత్రి వచ్చే ఊపు గురించి అడిగావు. పొద్దున్నే ఆరింటికి లేచి క్యారేజీ కట్టాల్సిన మనిషివి. అప్పుడు ఐదు నిమిషాల జాబితా పని చేసి, ఒకదానికి మూడు నాలుగు వాక్యాలు రికార్డు చేసి పడుకో. తెల్లారి ఆ నాలుగు వాక్యాలు వింటే మళ్లీ దారి దొరుకుతుంది. ఒకవేళ దొరకలేదంటే, రాత్రంతా కూచుని రాసినా పెద్దగా మిగిలేది కాదనుకో.

ఆపడం కూడా తెలియాలి. మాట పూర్తిగా ఎండిపోయేదాకా రాయకు. తరవాతి వాక్యం ఏమిటో తెలిసి ఉండగానే ఆపి, కింద 'తరవాత:' అని పెట్టి ఆ వాక్యం సగం రాసిపెట్టు. మర్నాడు తెల్ల కాగితం ముందు కాకుండా సగం వాక్యం ముందు కూచుంటావు, అది పూర్తిచెయ్యడానికి ఊపు అక్కర్లేదు.

రాసిన రోజునే వీడియో తియ్యకు, పోస్టు చెయ్యకు. ఊపులో రాసేటప్పుడు మనకి తెలిసిన మెట్లు దాటేస్తాం. నీ చిత్తులో 'కాయలు కడిగి ముక్కలు కొట్టించాలి' అని ఉంది. కడిగాక తుడిచి, తడి పూర్తిగా ఆరేదాకా గుడ్డ మీద పరచాలని లేదు. నీకది తెలుసు, చూసే పిల్లకి తెలియదు. ఒక రాత్రి గడిచాక గట్టిగా చదువు, ఫోన్లో గడియారం పెట్టుకుని. నిమిషానికి ఎన్ని మాటలు చదువుతావో ఒకసారి లెక్కపెట్టుకుంటే చాలు: 110 వస్తే ఎనిమిది నిమిషాల వీడియోకి 880 మాటలు. నీ చిత్తు అంతకు రెట్టింపు ఉంది. ముందు తీసెయ్యాల్సినవి పొగడ్తలు. 'అద్భుతమైన', 'నోరూరించే' అన్నవి తొమ్మిది చోట్ల ఉన్నాయి, ఒక్కటి ఉంచుకో.

తీసేసినదంతా పారెయ్యకు. నీ ఆవకాయ చిత్తులోనే వెల్లుల్లి ఆవకాయ, బెల్లం ఆవకాయ, పెసరావకాయ, మాగాయ తొంగిచూస్తున్నాయి. ఒక్కోదాన్ని విడి పేజీలోకి తీసి, పైన మూడే ముక్కలు రాయి: ఏం చెప్పబోతున్నావు, ఏం సరిచూడాలి, ఎప్పటిలోగా బయటికి రావాలి. మూడోది లేకపోతే అది ఎప్పటికీ చిత్తుగానే ఉంటుంది. అన్నీ ఒకే వారంలో వదిలెయ్యకుండా యూట్యూబ్‌లో తేదీ పెట్టి వారానికొకటి వచ్చేలా చేసుకో. ఊరగాయల కాలం మాత్రం నీకోసం ఆగదు, పుల్లకాయ మార్కెట్లోకి వచ్చేసరికే మొదటిది సిద్ధంగా ఉండాలి.

పండగ వంటలకి కిందటేడు ఇంగ్లీషు తేదీ చూసి పెట్టుకోకు. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం పడడంతో సెప్టెంబరు 14కి వెళ్లింది. సంక్రాంతి ఒక్కటే ఇంచుమించు కదలకుండా ఉంటుంది. పంచాంగం చూసి, పండగకి పది రోజుల ముందు తేదీ వెయ్యి. సామాన్లు కొనుక్కునే వాళ్లు అప్పుడే చూస్తారు.

ఊపు లేని రోజులు సెలవులనుకోకు. రోజూ ఒకే వేళకి అరగంట కూచో, కొత్తది రాయాలని మాత్రం కాదు. '??' ఉన్నవి సరిచూడు, 'తరవాత:' ఉన్నవి పూర్తిచెయ్యి, కొలతల పట్టికలు రాయి, శీర్షికలు పెట్టు. పెద్ద స్క్రిప్టులోంచి ఒక్క చిట్కా తీసి యూట్యూబ్ షార్ట్, అంటే పొట్టి వీడియో, చెయ్యి. మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటారు గానీ, ఆవపిండి చేదెక్కడం గురించి చెప్పడానికి నలభై సెకన్లు చాలు. చాలాసార్లు తరవాతి ఊపు ఈ గుమాస్తా పనిలోంచే లేస్తుంది, అప్పుడు కూడా మొదటి ఐదు నిమిషాల జాబితాతోనే మొదలెట్టు.

ఇక నీ దగ్గరున్న వాటిలో ముందు మాగాయ పూర్తిచెయ్యి. చెక్కు తీసి ఉప్పులో వేసిన ముక్కలు మూడు రోజులు ఊరాలి, తరవాత వాటిని గట్టిగా పిండి ఎండబెట్టాలి, ఊట కూడా ఎండలో పెట్టాలి. అన్ని రోజులూ కెమెరా కావాలి, ఎండ కావాలి. మబ్బు పట్టేలోగా తీయాలంటే స్క్రిప్టు ఈ వారమే తేలాలి. ఆవకాయ కలపడం ఒక్కపూటలో తీయచ్చు, మూడో రోజు తిరగ కలిపేది ఇంకాసేపు తీస్తే చాలు, అది వెనక్కి జరిగినా ఫరవాలేదు.

ఇట్లు,
పెద్దమ్మ