ఆ జిలానీ ఎవరు తమ్ముడూ?

ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర

తమ్ముడికి,

నీ కథ అందింది. రాత్రి ఒకసారి, పొద్దున టీ తాగుతూ ఒకసారి చదివాను. రాత్రి నచ్చింది, పొద్దున నచ్చలేదు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకు.

ముందు పేరు సంగతి. ‘జంప్ జిలానీ’ అని పెట్టావు. రెడ్డి పార్టీ మారినా, రావు మారినా మన తెలుగు పేపర్లు రాసేది ఆ మాటే. రాసీ రాసీ అరిగిపోయి, అందులో ఒక మనిషి పేరుందన్న సంగతే మర్చిపోయాం. బాగ్దాద్‌లో సమాధి ఉన్న అబ్దుల్ ఖాదిర్ జిలానీ పేరు అది. మన గల్లీల్లో ఆయన పేరు మీద ప్రతి ఏడూ గ్యారవీ పండగ చేస్తారు, పిల్లలకు ఆ పేరు పెట్టుకుంటారు. గోడ దూకేవాళ్ళు అన్ని కులాల్లో ఉంటే పేరు మాత్రం సాయెబుది ఎందుకైంది? కథ రాసేవాడికి ఈ ప్రశ్న తట్టాలి. నీకు తట్టలేదు. నీ వయసులో నాకూ తట్టలేదులే.

ఇక్కడ మనకు ఇంకో చిక్కుంది. మరాఠీలో పార్టీ మారడాన్ని పక్షాంతర్ అంటారు. మతం మారితే ధర్మాంతర్. రెండు మాటలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. దేశ్‌ముఖ్ పక్షాంతర్ చేస్తే జనానికి రాజకీయం వినిపిస్తుంది. అదే పని సాయెబు చేస్తే, చెవిలో రెండో మాట మోగుతుంది. నీ కథలోనూ అదే మోగింది. నీ కథలోని సాయెబు నగర్‌సేవక్, అంటే మున్సిపల్ కౌన్సిలర్, నామినేషన్ల ముందురాత్రి కమలం పార్టీ ఏబీ ఫారం, అంటే ఆ పార్టీ టికెట్ కాగితం, తీసుకున్నాడు. దాని మీద మూడు పేజీలు రాశావు. తల్లి అన్నం మానేసింది, మసీదులో పక్కవాడు సలాం తీసుకోలేదు, ఆఖర్లో అజాన్ వినలేక అతను కిటికీ మూసుకున్నాడు. అదే కథలో పాటిల్ మూడు పార్టీలు మారాడు. ఆయనకు నువ్విచ్చింది ఒక్క వాక్యం, అదీ నవ్వుకోడానికి. పాటిల్‌కు తల్లి లేదా?

నేనూ ఇలాంటి కథే రాశాను, ముప్పై ఏళ్ళ కింద. అందులో ఉన్నది తనేనని గుర్తుపట్టిన మనిషి ఒకరోజు మా ఇంటికొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, అన్నాడు: “సాబ్, నన్ను దగాకోర్ అన్నవ్, సరే. పదేండ్లు ఒక్కటే పార్టీల ఉన్నప్పుడు మా గల్లీల నల్లా ఎందుకు రాలే, ఆ ముచ్చట రాయలేదేంది?” నా దగ్గర జవాబు లేదు. నల్లా గురించి నేను అడగనే లేదు. అతని వార్డు ఏ మూల ఉందో చూడకుండానే అతని మనసులోకి దూరి రాశాను. ఆ కథ ఇప్పటికీ నా సంపుటిలో ఉంది, తీసేయలేదు. చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

అందుకే లెక్కలు తెలుసుకో. మన రాష్ట్రంలో 2011 జనగణన ప్రకారం ముస్లింలు నూటికి పదకొండున్నర మంది. అసెంబ్లీలో 288 సీట్లు. 2024లో గెలిచిన ముస్లిం ఎమ్మెల్యేలు 10 మంది. అదే ఏడాది లోక్‌సభకు 48 సీట్ల నుంచి ఒక్కరు కూడా వెళ్ళలేదు. టికెట్ దొరికే గుమ్మాలు ఇంత తక్కువైతే, తెరిచి ఉన్న గుమ్మం వైపే మనిషి నడుస్తాడు. సిల్లోడ్ ఎమ్మెల్యే అబ్దుల్ సత్తార్ కాంగ్రెస్ నుంచి 2019లో శివసేనకు వెళ్ళి గెలిచారు. 2022లో సేనను చీల్చిన ఏక్‌నాథ్ షిండేతో సుమారు 40 మంది సేన ఎమ్మెల్యేలు కదిలినప్పుడు ఆయనా వాళ్ళలో ఉన్నారు. నేను ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. ఆ నలభై మందినీ ఒకే తూకంరాయితో తూచమంటున్నాను. సాయెబు స్వార్థాన్ని దాచిపెట్టమనీ అనడం లేదు. కాంట్రాక్టు కోసం వెళ్ళాడా, కేసు భయంతో వెళ్ళాడా, అదీ రాయి. వాళ్ళను దేవుళ్ళుగా చూపించే కథలు కూడా నేను చాలా చదివాను. అవీ అబద్ధాలే.

చట్టం గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోకు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది, ఊళ్ళలో నగర్‌సేవకులకూ వేరే చట్టం ఉంది. గెలిచాక దూకితే పదవి పోవచ్చు. మన ఊళ్ళలో మాత్రం నామినేషన్‌కు ముందే దూకుతారు, అందుకే ఎవరికీ టెన్షన్ ఉండదు.

నీ కథలో నాకు అసలు కనిపించనిది నాందేడ్. మీ బిలోలీ నుంచి ఎంత దూరమని? 2012లో నాందేడ్ కార్పొరేషన్‌లో మజ్లిస్‌కు 11 సీట్లు వచ్చాయి, అందరూ నోరు తెరిచారు. 2017లో అదే మజ్లిస్‌కు సున్నా. కాంగ్రెస్‌కు 81లో 73. మజ్లిస్‌కు ఓటేసిన గల్లీలే అయిదేళ్ళలో ఇటు తిరిగాయి. వాళ్ళను ఎవరూ జిలానీ అనలేదు. సాయెబుల ఓట్లు గంపగుత్త అని నీ కథలో హోటల్‌వాడితో అనిపించావు కదా, పక్కన ఇంకొకడితో ఈ లెక్క చెప్పించు.

తర్వాత 2024 ఫిబ్రవరిలో అశోక్ చవాన్ బీజేపీలో చేరారు. ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, అంతకుముందు కాంగ్రెస్‌ను గెలిపించిన మనిషి. మరి ఆయన జీపు వెనక ఇరవై ఏళ్ళు తిరిగిన ముస్లిం కార్యకర్త ఏం చేయాలి? చవాన్ సాహెబ్ వెంట పోతే ఇంటి ముందు తలెత్తుకోలేడు. ఆగిపోతే కొడుకు ఉద్యోగానికి ఎవరి సిఫారసు అడగాలి? మారింది నాయకుడు, చిక్కుకున్నది ఇతను. నాలుగు నెలలకు లోక్‌సభ ఎన్నికల్లో నాందేడ్ మళ్ళీ కాంగ్రెస్‌కే పడింది. ఆ నాలుగు నెలల్లో ఆ మనిషి ఎవరి ఇంటి ముందు కూర్చున్నాడు? అక్కడుంది తమ్ముడూ నీ కథ. నగర్‌సేవక్‌ను వదిలెయ్. వాడి జీపులో వెనక సీటు చూడు.

ఇంకా వెనక్కి పోగలిగితే 1948 దాకా పో. మనది నిజాం రాజ్యం. రజాకార్ల సంగతి మీ తాత చెప్పే ఉంటాడు, ఖాసిం రజ్వీ పక్కనున్న లాతూర్ వకీలు. కానీ పోలీస్ యాక్షన్ తర్వాత ముస్లింల మీద జరిగినదాన్ని చూసిరమ్మని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో నాందేడ్ పేరు కూడా రాసింది. నిజాం పాలన పోయిన రోజని ప్రతి సెప్టెంబర్ 17కి మనం జెండా ఎగరేస్తాం. ఎగరేయాలి కూడా. ఆ రోజు తలుపు వేసుకుని కూర్చునే ముసలమ్మ ఒకతి ఏదో గల్లీలో ఉంటుంది. ఆ తరంవాళ్ళు చాలామంది అధికారంలో ఉన్న పార్టీని అంటిపెట్టుకున్నది ప్రేమతో కాదు, నీడ కోసం. నీ నగర్‌సేవక్ తల్లి అన్నం మానేసిందన్నావే, ఈ కథ తెలిసిన తల్లయితే మానేస్తుందా? “సర్కార్ ఎవ్వలదైతే వాళ్ళతోనే ఉండు బేటా” అంటుందేమో. రెండూ రాసి చూడు, ఏది నిజంలా ఉంటే అది ఉంచు.

భాష విషయం. మీ సాయెబు సినిమా హైదరాబాదీలా మాట్లాడుతున్నాడు. ఇక్కడ మిర్చి కాంటా దగ్గర సాయెబు బాసర రైతుతో తెలుగే మాట్లాడతాడు, తహసీల్‌లో మరాఠీ, ఇంట్లో ఉర్దూ. పొద్దున్నుంచి రాత్రి దాకా భాషలు మారుస్తూనే ఉంటాడు. మనమూ అంతే. ఇంకొకటి: పీర్ల పండగ, షీర్‌ఖుర్మా పెట్టి చివర్లో ఐక్యత సాధించే అలవాటు నీకు ఇంకా రాలేదు, సంతోషం. రానివ్వకు.

2023 ఫిబ్రవరి 5న నాందేడ్‌లో కేసీఆర్ సభ గుర్తుందిగా. తర్వాత మా ఊళ్ళో గులాబీ కండువా కప్పుకున్నవాళ్ళు నాకు తెలిసే అయిదుగురు. డిసెంబర్‌లో తెలంగాణలో ఆ పార్టీ ఓడగానే అయిదుగురూ ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. టీ కొట్టు దగ్గర మాత్రం నెల రోజులు ఒక్కడి గురించే మాట్లాడారు. ఎంత తీసుకున్నాడట, ఎవరిచ్చారట. ఎవరి గురించో చెప్పక్కర్లేదు. ఆ కండువా ఇప్పుడు వాళ్ళింట్లో కుట్టుమిషన్ మీద దుమ్ము పడకుండా కప్పారు. మొన్న ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వెళ్తే చూశాను. మిగతా నలుగురి కండువాలు ఏమయ్యాయో ఆ టీ కొట్టులో ఎవరూ అడగలేదు.

తిరగరాసి పంపు. తొందరేం లేదు. కాగితం ఒకవైపే రాయి, పక్కన జాగా వదులు. నా కళ్ళజోడు సంగతి నీకు తెలుసు కదా.

మీ అన్న