కమీలియా పెట్టబోతున్న సౌజన్యకు అత్తయ్య ఉత్తరం

చి.సౌ. సౌజన్యకు, అత్తయ్య ఆశీస్సులు.

కొత్తింట్లో కమీలియా పూలమొక్క పెంచాలనుందని చెప్పావు, చాలా సంతోషమేసింది. మా నార్త్ కరొలినాలో ఇది తేలిగ్గానే పెరుగుతుంది. మీ న్యూజెర్సీ చలికి మాత్రం రకం చూసి కొనాలి. మా చాపెల్ హిల్‌లో క్లిఫర్డ్ పార్క్స్ అనే వృక్షశాస్త్రవేత్త చలిని తట్టుకునేలా తయారుచేసిన ‘ఏప్రిల్’ వరస రకాలున్నాయి. ఏప్రిల్ ట్రిస్ట్, ఏప్రిల్ డాన్ అని అడుగు. సెప్టెంబరులో డిస్కౌంట్ పెట్టారని కొనేయకు. వసంతంలో, మంచు పోయాక నాటితేనే చలికాలం వచ్చేలోపు వేళ్లు నిలదొక్కుకుంటాయి.

తూర్పు గోడ పక్కన మాత్రం వద్దమ్మా. పొద్దుటి ఎండ మొక్కకు మంచిదని మనకో నమ్మకం. రాత్రంతా గడ్డకట్టిన మొగ్గమీద ఆ ఎండే పడితే, ఒక్కసారిగా కరిగి గోధుమరంగుకు తిరిగి పాడైపోతుంది. ఉత్తరం వైపు పెట్టు, కానీ వాయవ్యం నుంచి వచ్చే చలిగాలికి కంచో, పెద్ద చెట్టో అడ్డుండాలి. గోడకు మరీ ఆనించకు, కాంక్రీటులోని సున్నం మట్టిలోకి దిగుతుంది. టీ మొక్కా ఇదీ దగ్గరి చుట్టాలే, రెండూ కమీలియాలే. నీలగిరి టీ తోటలు చూశావుగా, అలాంటి ఆమ్ల నేల, నీరు నిలవని చోటు దీనికీ కావాలి. మట్టి పీహెచ్ (ఆమ్లగుణం కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, లోతుగా నాటకు. నేను చూసినంతలో లోతు వల్ల పోయిన మొక్కలే ఎక్కువ. వేళ్ల ముద్ద పైభాగం నేలకన్నా ఒకటి రెండు అంగుళాలు ఎత్తుగా ఉండాలి, మట్టి ఎలాగూ కిందికి దిగుతుంది. పైన పైన్ స్ట్రా (పైన్ చెట్ల ఎండుటాకులు) పరిచెయ్, కాండానికి తగలనివ్వకు.

వచ్చే ఏటి మొగ్గలు ఎండాకాలంలోనే కడతాయి. మీరు ఇండియా వెళ్లేదీ అప్పుడే కాబట్టి, నీళ్ల పని పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్లు. నేల ఎండితే మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. కత్తిరింపు, ఎరువు రెండూ పూలు అయిపోయిన వెంటనే చేసెయ్. ఆలస్యంగా కత్తిరిస్తే మొగ్గలు పోతాయి, ఆలస్యంగా ఎరువేస్తే లేతచిగుళ్లు చలికి మాడతాయి. రాలిన పూలు ఏరి చెత్తలో పడెయ్, లేకపోతే రేకుల తెగులు మట్టిలో నిలిచిపోతుంది.

మొదటి చలికాలంలో ఆకులు మాడినా టెన్షన్ పడి కొమ్మలు కొట్టేయకు. మే దాకా ఆగి, గోరుతో బెరడు గీకి చూడు. కింద పచ్చగా ఉంటే మొక్క బతికున్నట్టే. అప్పుడు ఫోటో పంపు, ఎక్కడ కత్తిరించాలో చెబుతాను.

ప్రేమతో,
అత్తయ్య